కోట గుమ్మంలో మంత్రసాని

ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ లేని వైపు
ఫిబ్రవరి 3

అక్కా,

ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే చూసి ఊరుకుంటావు. మూడేళ్ల కిందట నీ లాబ్‌లో ఉద్యోగం వదిలేసి వస్తున్న రోజు నువ్వన్న మాట నాకు గుర్తుంది. "చెప్పేదేదో కాగితం మీద రాయి. నోటితో చెప్తే సగం మింగేస్తావు." సరే, ఇదిగో కాగితం.

కవరులో పెన్ డ్రైవ్ ఉంది. విసిరి పారేయకు. అందులో మా కంపెనీ తయారుచేస్తున్న ఆట ఉంది. ఊరి నీళ్లలో క్లోరిన్ ఎంతుందో కొలిచే లాబ్‌కి పెద్దదిక్కుని, నాకు ఆటలేమిటని మూతి విరుస్తావు. విరిచినా ఆడు. ఇది దడదడా కాల్చే ఆట కాదు. చదరంగంలాగా నువ్వొక వంతు, అవతలివాడొక వంతు. గళ్ల బదులు నగరాలుంటాయి. నగరం కట్టాలి, మనుషుల్ని చేర్చాలి, పనులు అప్పగించాలి, పక్కవాడి దండయాత్ర కాచుకోవాలి. ఎంతసేపు ఆలోచించుకున్నా అడిగేవాడుండడు.

ఇందులో నగర రక్షణ మొత్తం నా చేతిలో పెట్టారు. నేను రాసిన నియమం ఇది. శత్రువు వచ్చేసరికి నగరంలో ఒక్క సైనికుడు కూడా లేడనుకో. ఆయుధశాలలో తుపాకులుంటే చాలు, పౌరుల్లో ఒకరు తమంతట తామే తుపాకి అందుకుని గుమ్మంలో నిలబడతారు. నువ్వు మీట నొక్కక్కర్లేదు, ఆజ్ఞ ఇవ్వక్కర్లేదు. మా పెద్దాయన అది చూసి బల్ల మీద చరిచి "అదీ తెలివంటే!" అన్నాడు. జూన్‌లో ఆట బయటికొస్తుంది. రక్షణ భాగం నిలబడితే జట్టు నాయకుడిగా వేస్తానని నాకు మాటిచ్చాడు.

నీకన్నా తప్పులు పట్టే మనిషిని నేను చూడలేదు. ఆడి ఎలా ఉందో రాయి. మెచ్చుకోమని అడగడం లేదు, ఆశ కూడా లేదు. బావగారిని అడిగానని చెప్పు. నేను నాలుగేళ్లు కూర్చున్న ఆ విరిగిన కుర్చీ ఇంకా ఉందా?

నీ తమ్ముడు


నీటి పరీక్షల లాబ్, సీసాల అలమర పక్క బల్ల
ఫిబ్రవరి 27

తమ్ముడికి,

దీవెనలు. ఎలాగూ ఇవ్వాలి కదా, ముందే ఇచ్చేస్తే ఆ తర్వాత తిట్టడానికి చేయి ఖాళీగా ఉంటుంది.

నీ ఆట ఆడాను. వారం రోజులు పట్టింది. మీ బావ పక్కన కూర్చుని "నీకెందుకే ఈ యుద్ధాలు, ఇంట్లో ఉన్నవి చాలవా" అంటూనే నా తరఫున రెండు నగరాలు కట్టాడు. నది ఒడ్డున మొదటి నగరం నేను కట్టాను. ముందు ఒక మంత్రసానిని చేర్చుకున్నాను, పిల్లలు పుడితేనే కదా జనం పెరిగేది. తర్వాత నేతగాడు, ఆ తర్వాత కమ్మరి. కమ్మరి బొమ్మ చూశావా? నువ్వే గీయించి ఉంటావు. గుమ్మం పట్టని మనిషి, మోకాలంత మెడ. నలభై ఒకటో వంతున శత్రువులు వచ్చారు. నా సైనికులు అవతల కొండ దగ్గర ఉన్నారు. అప్పుడు నీ నియమం లేచి ఎవరికి తుపాకి ఇచ్చిందో తెలుసా? మంత్రసానికి.

కమ్మరి కొలిమి దగ్గర కూర్చుని మేకులు కొడుతున్నాడు. నేతగాడు మగ్గం దిగలేదు. ఆవిడ వెళ్లి కోట గుమ్మంలో నిలబడింది. ఒక్క దెబ్బకు పోయింది. తర్వాత పది వంతుల పాటు ఊళ్లో ఒక్క పిల్ల పుట్టలేదు. ఇదీ తెలివంటే అని బల్ల చరిచిన మీ పెద్దాయన చేతికి కట్టు కట్టించండి. చరవాల్సింది బల్లను కాదు.

అది కూడా ఓర్చుకుంటాను. నాకు ఒళ్లు మండింది ఇంకోదానికి. నగరం మీద పచ్చటి డాలు గుర్తు పెట్టావు. అంటే రక్షణ ఉందని అర్థమట. ఆ డాలు చూసే కదా నేను సైనికుల్ని కొండకు పంపాను! తీరా లోపల ఉన్నది మంత్రసాని. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. సైనికుడు లేడని ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయింది?

ఇక్కడ పని తెమలడం లేదు. నాలుగో వార్డులో జనానికి వాంతులు, విరేచనాలు. ఆస్పత్రి నుంచీ పై ఆఫీసు నుంచీ మనుషులు వచ్చి వెళ్తున్నారు. నీ కుర్చీ ఉంది. దాన్ని ఎవరూ దొంగిలించరు.

ఒక మాట. లాబ్ షీట్ల కోసం నువ్వు ఇక్కడున్నప్పుడు రాసిన ప్రోగ్రాం తాలూకు నోటుపుస్తకాలేమైనా నీ దగ్గరుంటే పారేయి. ఇల్లు మారినప్పుడల్లా చెత్త మోసుకు తిరగడం నీకు అలవాటు.

అక్క


ఆఫీసు, అదే చోటు
మార్చి 9

అక్కా,

నీ ఉత్తరం మా జట్టులో బిగ్గరగా చదివాను. బొమ్మలు గీసేవాడు మోకాలంత మెడ దగ్గర పడీపడీ నవ్వి, తర్వాత అలిగాడు.

ఓడిపోయినవాళ్లందరూ ఇలాగే అంటారు. ఆడలేక మద్దెల ఓడు. సైనికుల్ని కొండకు తోలిందెవరు? నువ్వే. నా నియమం లేకపోతే ఆ వంతులోనే నగరం పోయేది. ఆవిడ నిలబడబట్టి శత్రువుకి ఒక వంతు వృథా అయింది. అయినా మంత్రసానిని ఎంచింది నేను కాదు. ఎవరు ముందు నగరంలో చేరితే పట్టికలో వాళ్ల పేరు ముందుంటుంది. నియమం మొదటి పేరు తీసుకుంటుంది, అంతే. నువ్వు కమ్మరిని ముందు చేర్చుకుని ఉంటే కమ్మరే వెళ్లేవాడు.

నాకు అలా రాయడం సహజంగా తోచింది. ఇప్పుడు ఆలోచిస్తే మన ఇంట్లో కూడా అంతే కదా. ఇంటి యజమాని గొడవకొస్తే నువ్వు లేచేదానివి. బడిలో నన్ను బెంచీ ఎక్కిస్తే నువ్వు వచ్చేదానివి. నిన్ను ఎవరైనా అడిగారా? ముందు పుట్టావు, ముందు లేచావు.

సరే, నీ గోల పడలేక మార్చాను. కొత్త పెన్ డ్రైవ్ పంపుతున్నాను. ఇప్పుడు అందరిలో బలమైనవాడే తుపాకి అందుకుంటాడు. డాలు గుర్తు మాత్రం తీయను. ప్రతి వంతుకీ "ఇక్కడ ఎవరూ లేరు, అక్కడ ఎవరూ లేరు" అని మొత్తుకుంటే ఆడేవాడికి విసుగు. హాయిగా ఆడుకోనివ్వాలి. మా పెద్దాయన కూడా అదే అంటాడు. "వెలితి చూపిస్తే డబ్బు పెట్టి ఎవడు కొంటాడు?" అని.

నా పాత నోటుపుస్తకాల మీద నీ కన్నెందుకు పడింది? నాలుగేళ్లలో "బాగుంది" అని నువ్వు అన్నది ఆ ఒక్క ప్రోగ్రాం గురించే. దాన్ని చెత్త అంటావేమిటి?

నాలుగో వార్డు సంగతి పేపర్లో చూశాను. మన నీళ్ల వల్ల కాదు కదా?

తమ్ముడు


లాబ్, మధ్యాహ్నం
మార్చి 22

తమ్ముడికి,

నీ రెండో అవతారం కూడా చూశాను. బలమైనవాడు వెళ్తాడన్నావు, వెళ్లాడు. కమ్మరి పోయాడు. మర్నాటి నుంచి ఊళ్లో నాగలి లేదు, మేకు లేదు, తుపాకి బాగుచేసేవాడు లేడు. మూడో వంతుకి ఇంకో బలమైనవాడు వెళ్లాడు, వాడు వంతెన కట్టేవాడు. ఊళ్లో పనికొచ్చేవాళ్లందరినీ వరసపెట్టి గుమ్మంలోకి తోసి, చివరికి నాకు మిగిల్చింది ఒక పాటగాడిని. వాడు మాత్రం చెక్కు చెదరకుండా ఉన్నాడు. మీ కంపెనీలో కూడా ఇదే పద్ధతి అయి ఉంటుంది, అందుకే నువ్వింకా క్షేమంగా ఉన్నావు.

ఎవరిని పంపాలన్నది కాదురా ప్రశ్న. ఎవరూ లేకపోతే ఎవరూ లేరని చెప్పు. నగరం నాది, చూసుకోవాల్సింది నేను. నా కళ్లకు డాలు అడ్డంపెట్టి, వెనకాల నువ్వు ఎవరినో ఈడ్చుకొచ్చి నిలబెట్టడమేమిటి? నీకు చిన్నప్పటినుంచీ ఇదే జబ్బు. పరీక్షలో జవాబు రాకపోతే పై ప్రశ్న జవాబే మళ్లీ రాసేవాడివి. ఖాళీ కనపడితే చేతులాగవు.

ఇంట్లో నేను ముందు లేచానని పెద్ద సత్యం కనిపెట్టినట్టు రాశావు. లేచాను, నిజమే. లేవకపోతే నువ్వు ఇప్పటికీ బెంచీ మీదే ఉండేవాడివి.

నాలుగో వార్డు మీద విచారణ సంఘం వేశారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు మొరిగే రకం. ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు, మూడు పూటలు ఫ్యాను కింద కూర్చుని కాగితాలు తిరగేశారు. ఒకాయన క్లోరిన్ కొలిచే గొట్టాన్ని తలకిందులుగా పట్టుకుని "ఇదేనా?" అన్నాడు. బాధ్యత నాది అని రాసిచ్చాను. వచ్చే నెలాఖరున ఆఖరి విచారణ. ఉద్యోగం ఉంచుతారో ఊడగొడతారో ఆ రోజు తేలుస్తారు. పింఛనుకి ఇంకా రెండేళ్లుంది. అది వాళ్లిష్టం.

నోటుపుస్తకాల సంగతి మళ్లీ అడక్కు.

అక్క


ఇల్లు, వంటగది బల్ల
ఏప్రిల్ 2

అక్కా,

అడగొద్దన్నావు కాబట్టి అడగలేదు. తీసి చూశాను.

గోధుమరంగు అట్ట పుస్తకం, పద్దెనిమిదో పేజీ. నా దస్తూరీయే. "గడి ఖాళీగా ఉంటే నిన్నటి అంకె వేయాలి." కింద ఒక గీత కూడా గీశాను, పెద్ద ఘనకార్యం చేసినట్టు.

అది ఎప్పుడు రాశానో గుర్తొచ్చింది. షీటులో ఒక్క గడి ఖాళీ ఉన్నా పై ఆఫీసువాళ్లు "అసంపూర్ణం" అని ముద్ర కొట్టి తిప్పి పంపేవారు. నువ్వు సాయంత్రం దాకా కూర్చుని ఆ ఒక్క గడి కోసం పంపు హౌసులకు ఫోన్లు చేసేదానివి. నేను కూడా నీతో కూర్చోవాల్సి వచ్చేది. ఒక శుక్రవారం సినిమాకి పోదామని ఆ ముక్క ఇరికించేశాను. మర్నాటి నుంచి షీట్లు తిరిగి రాలేదు. "బాగుందిరా" అన్నావు. ఏం చేశానో చెప్పలేదు. సగం మింగేస్తానన్నావే, ఆ సగం ఇదే.

అక్కా, నిజం చెప్పు. నాలుగో వార్డు మీటరు నుంచి అంకె రాని రోజులున్నాయా? ఎన్ని రోజులు నా ప్రోగ్రాం పాత అంకె వేసింది? నువ్వు "బాధ్యత నాది" అని రాసిచ్చింది నన్ను కాయడానికేనా?

నిన్నంతా ఆఫీసులో కూర్చుని డాలు గుర్తు చూస్తూ ఉండిపోయాను. సిగ్గేసింది. ఆటలో మంత్రసాని పోతే మళ్లీ మొదలుపెట్టొచ్చు. నీళ్లు తాగినవాళ్లకు ఆ వీలు లేదు. నా భార్య ఏమైందని అడిగింది, చెప్పాను. "వెళ్లి చెప్పండి, ఇంకేముంది ఆలోచించడానికి?" అని కూరగాయలు తరుగుతూనే అంది. ఆఖరి విచారణకు నేను వస్తాను.

తమ్ముడు


లాబ్, తలుపు వేసుకుని
ఏప్రిల్ 8

ఒరేయ్,

రావద్దు. ఇది ముందు చదువు, తర్వాత మిగతాది చదువు. రావద్దు.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. నాలుగో వార్డు ట్యాంకు దగ్గర క్లోరిన్ పంపూ, మీటరూ ఒకే కరెంటు బోర్డు మీద ఉన్నాయి. బోర్డు కాలింది. పంపు ఆగింది, దాంతోపాటే మీటరూ మూగబోయింది. ఆరు రోజులు అంకె రాలేదు. షీటులో మాత్రం ఆరు రోజులూ సున్నా పాయింట్ అయిదు, సున్నా పాయింట్ అయిదు, ముత్యాల్లా వరసగా ఉంది. ఏడో రోజు వారానికోసారి చేత్తో చేసే పరీక్ష చేస్తే సున్నా. అప్పటికే ఆస్పత్రిలో మంచాలు చాలక వరండాలో పడుకోబెట్టారు. మొత్తం నూట పన్నెండు మంది. ఎవరూ పోలేదు. అందులో మన గొప్ప ఏమీ లేదు, డాక్టర్లది.

ఆ ఆరు షీట్ల మీదా సంతకం నాది. చదవకుండా పెట్టాను. అదే రాసిచ్చాను. వాళ్లకు అది చాలు. ప్రోగ్రాం గురించి ఎవరూ అడగలేదు, అడిగేంత బుర్ర ఆ ముగ్గురిలో ఎవరికీ లేదు. లాబ్‌లో ఉండేది ఇద్దరం, నేనూ, సహాయకురాలు కళ్లద్దాలావిడా. పదేళ్లు సీసాలు కడిగి, తర్వాత పరీక్షలు నేర్చుకున్న మనిషి. ఆవిడ ఏమీ చెప్పదు. చెప్పడానికేమీ లేదు కూడా.

నువ్వొచ్చి ఏం చేస్తావు? చేసిందంతా నేనే అని గుండెలు బాదుకుంటావు. పేపర్లో నీ ఫోటో పడుతుంది. మీ పెద్దాయన బల్ల మీద చరిచిన చేత్తోనే నిన్ను బయటికి తోస్తాడు. ఇద్దరి ఉద్యోగాలూ పోతే ఊరి కడుపునొప్పి తగ్గుతుందా? నీ ఆటలో పౌరుల్లాగా పిలవకుండా తుపాకి పట్టుకుని గుమ్మంలోకి రావడం మానుకో. నిన్ను ఎవరు పిలిచారు?

నా సంగతి నేను చూసుకుంటాను. నిన్ను కూడా ఇన్నేళ్లూ నేనే చూసుకున్నాను. ఆ పుస్తకం పొయ్యిలో పెట్టు.

అక్క


ఆఫీసు, మెట్ల మీద
ఏప్రిల్ 14

అక్కా,

పుస్తకం పొయ్యిలో పెట్టలేదు. పద్దెనిమిదో పేజీ నకలు తీసి, నా వాంగ్మూలంతో కలిపి రిజిస్టర్ పోస్టులో విచారణ సంఘానికి పంపాను. ఈపాటికి చేరి ఉంటుంది. ఇక తిట్టి లాభం లేదు, అయినా తిట్టు.

నన్ను ఎవరూ పిలవలేదన్నావు. నిజమే. కానీ ఆ ముక్క రాసిన రోజు కూడా నన్ను ఎవరూ పిలవలేదు కదా.

మా పెద్దాయనకు కూడా చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "పాత ఉద్యోగంలో చేసిన తప్పుకి ఇప్పుడెవడైనా దండోరా వేసుకుంటాడటయ్యా? నిన్ను నాయకుడిని చేస్తే రేపు నా మీద కూడా వాంగ్మూలం రాస్తావు" అన్నాడు. నాయకుడి కుర్చీ బొమ్మలు గీసేవాడికి ఇస్తున్నాడు. నన్ను మాత్రం ఉంచాడు, రక్షణ భాగం ఇంకెవడికీ అర్థం కాదు కాబట్టి. ఆట నుంచి డాలు గుర్తు తీసేశాను. సైనికుడు లేని నగరం మీద ఇప్పుడేమీ కనిపించదు. పెద్దాయన మళ్లీ పెట్టిస్తాడేమో తెలియదు. నా చేత్తో మాత్రం పెట్టను.

ఇరవై అయిదున పొద్దున బస్సు దిగుతాను. బావగారిని బస్టాండుకి పంపొద్దు, దారి తెలుసు. నువ్వు నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు.

తమ్ముడు


లాబ్, కిటికీ పక్క చిన్న బల్ల
మే 6

తమ్ముడూ,

విచారణ రోజు నువ్వు వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కేశావు. తర్వాత మూడుసార్లు కాగితం తీశాను. మూడుసార్లూ తిట్లే వచ్చాయి. చించేశాను. ఇందులో కూడా ఉంటాయి, కానీ నీకు కాదు.

ఆ రోజు నువ్వు చేతులు కట్టుకుని నిలబడి, "తప్పు నాది, మా అక్కకి తెలియదు" అన్నావు. ఊళ్లో పేరున్న మనిషిలాగా చొక్కా ఇస్త్రీ చేసుకొచ్చావు. నాకు నీమీద కోపం రావాలి. రాలేదు, భయమేసింది. ఎందుకంటే నీ మాటలో సగమే నిజం.

నువ్వు చెప్పడం అయ్యాక సంఘం పెద్ద కళ్లద్దాలావిడ వైపు తిరిగి, "ఆరు రోజులు ఒకే అంకె వస్తే మీ ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదామ్మా?" అని అడిగాడు. ఆవిడ నావైపు చూసింది. కళ్లద్దాలు తీసి పమిట చెంగుతో తుడిచింది. పెట్టుకుంది. మళ్లీ తీసి తుడిచింది. అప్పుడు నేను లేచాను. నేను చెప్పింది నువ్వు విన్నావు. కానీ అక్కడ పెద్దవాళ్ల భాషలో చెప్పాను, "సహాయకురాలి హెచ్చరికను పరిగణనలోకి తీసుకోలేదు" అని. అసలు జరిగింది నీకు చెప్పాలి.

మూడో రోజు పొద్దున ఆవిడ షీటు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "అమ్మా, నాలుగో వార్డు అంకె మూడు రోజులుగా కదలడం లేదండీ. నీళ్లు అంత బుద్ధిగా ఉండవు కదండీ. ఒకసారి ట్యాంకు దగ్గరికి వెళ్లి రానా?" అంది. నేను తలెత్తకుండానే సంతకం పెట్టాను. పెట్టి, "అది మా తమ్ముడు రాసిన ప్రోగ్రాం. నీకన్నా దానికి లెక్కలు బాగా వచ్చు. వెళ్లి సీసాలు కడుగు" అన్నాను.

ఆవిడ వెళ్లి సీసాలు కడిగింది. నూట పన్నెండు మందిలో డెబ్బై ఆరుగురు ఆ తర్వాత ఆస్పత్రికి చేరినవాళ్లు.

నేను నిన్ను కాచాననుకుని నువ్వు బస్సెక్కి వచ్చావు. మీ బావ కూడా అదే అనుకున్నాడు. కొన్నాళ్లు నాక్కూడా అలాగే అనిపించింది, ఎంత సుఖంగా ఉంటుందో ఆ మాట! తమ్ముడి కోసం ఉద్యోగం వదులుకున్న అక్క! కానీ ప్రోగ్రాం పేరెత్తితే ఆ మూడో రోజు మాట బయటికొస్తుంది. నేను కాచుకున్నది దాన్ని. సంతకం చదవకుండా పెట్టడం అశ్రద్ధ, అది ఒప్పుకోవడానికి నాకు పెద్ద బాధ లేదు. ఒక మనిషి వచ్చి నిజం చెప్తే సీసాలు కడగమన్నాను చూడు, అది ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ముప్పై ఏళ్లుగా ప్రతివాడి తప్పూ పట్టి బతికాను. ఆ ముగ్గురు పెద్దమనుషుల్ని చూసి నవ్వాను. గొట్టం తలకిందులుగా పట్టుకున్న ఆయన నాకన్నా నయం. తెలియక, ఇదేనా అని అడిగాడు.

నువ్వు రాకపోతే నేను చెప్పేదాన్ని కాదు. ఆవిడ కూడా చెప్పేది కాదు. నన్ను నిలబెట్టడానికి ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంటూ ఆ అబద్ధం మొయ్యబోయింది. తిట్టినదాని కోసం. అది చూశాక కూర్చోలేకపోయాను.

నిన్న ఉత్తర్వులు వచ్చాయి. ఉద్యోగం తియ్యలేదు. పెద్దరికం తీశారు. లాబ్ ఆవిడకు అప్పగించారు, నేను ఆవిడ కింద. ప్రోగ్రాం ఆపేశారు, షీట్లు మళ్లీ చేత్తోనే. పై ఆఫీసుకి కూడా తాఖీదు వచ్చిందట, ఖాళీ ఉందని షీటు తిప్పి పంపకూడదని. నీకేమీ శిక్ష లేదు, ఒక మందలింపు కాగితం వస్తుంది. దాచుకో.

ఇవాళ పొద్దున మొదటి షీటు నింపాను. రెండో వార్డు మీటరు పలకలేదు. పంపు హౌసుకి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఆ ఒక్క గడీ అలాగే వదిలి, షీటు తీసుకెళ్లి ఆవిడ బల్ల ముందు నిలబడ్డాను. ఆవిడ నన్ను చూసి అలవాటు కొద్దీ లేవబోయింది. కూర్చోమన్నాను.

"ఇక్కడ అంకె లేదేమిటండీ?" అంది.

"తెలియదండీ" అన్నాను.

ఆవిడ వెంటనే చెప్పులు తొడుక్కుని ట్యాంకు దగ్గరికి బయల్దేరింది.

అక్క